స్టార్మ్‌ట్రూపర్ బొమ్మ తుపాకీ అసలుదేనా? తెలిసినవాళ్లు చెప్పండి

అమలాపురం నుంచి అడుగుతున్నానండి. కువైట్‌లో పనిచేసొచ్చిన ఒకాయన పాత స్టార్ వార్స్ సినిమా బొమ్మలు అమ్ముతున్నారు. కెన్నర్ కంపెనీ 1978లో తెచ్చిన 3.75 అంగుళాల రకం. బొమ్మల మీద నాకు అనుమానం లేదు, కాలి వెనక 1977 అన్న అచ్చు చక్కగా కనిపిస్తోంది.

టెన్షనంతా బొమ్మల చేతుల్లో పెట్టే బుల్లి ఆయుధాలతోనే. సినిమాలో విలన్ డార్త్ వేడర్ బొమ్మ చేతి గాడిలోంచి ఎర్ర కత్తి సాఫీగా జారుతోంది, దానికి వంక పెట్టలేం. స్టార్మ్‌ట్రూపర్ (తెల్ల కవచం సైనికుడు) తుపాకీ మాత్రం మరీ నిగనిగలాడుతోంది. గొట్టం మీది గీతలు మొద్దుబారి ఉన్నాయి. అసలుదాని నుంచి అచ్చు తీసి పోసిన నకలేమోనని నా అనుమానం. నీళ్లలో వేస్తే అసలుది తేలుతుంది, నకిలీది మునుగుతుంది అంటారు. ఆ ఒక్క పరీక్ష నమ్మి డబ్బు పెట్టొచ్చా? మా దగ్గర నీళ్లకి కొదవ లేదు గానీ, ఆయన ఒప్పుకోవాలిగా!

ఇంకోటి, వేడర్ నల్ల వినైల్ అంగీ ముట్టుకుంటే వేళ్లకి జిగురుగా తగులుతోంది. ఇది కోనసీమ ఉక్క వల్లా, ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే నూనె బయటికి రావడం వల్లా? సబ్బునీళ్లతో తుడవొచ్చా?

తుపాకీ వద్దు, బొమ్మ ఒక్కటే ఇమ్మంటే ధర ఎంత తగ్గించమనాలో కూడా చెప్పండి. ఆయన ఆదివారం దాకానే ఆగుతానన్నారు.