రోప్ కట్టుకుని ఎగిరితే అది ఫైటేనా?

రింగురోడ్ రాజు:
మార్షల్ ఆర్ట్స్ సినిమాల్లో గుర్తుండిపోయే ఫైట్లు అని ఎక్కడ లిస్టు చూసినా 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' (2000) పైనే ఉంటోంది. నాకు ఒళ్ళు మండుతోంది. వెదురు కొమ్మల మీద నిలబడి ఊగడం ఫైట్ ఎలా అవుతుంది? నడుముకి రోప్ కట్టి పైనుంచి లాగి, తర్వాత కంప్యూటర్‌లో ఆ తాడు చెరిపేస్తే ఎవరైనా ఎగురుతారు. నేనూ ఎగురుతాను.

నా లెక్క సింపుల్. రోప్ ఉంటే లిస్టులో చోటు లేదు. ఆ లెక్కన మొదటి స్థానం 'వీల్స్ ఆన్ మీల్స్' (1984) క్లైమాక్స్‌ది. బార్సిలోనాలో తీశారు, డైరెక్టర్ సామో హంగ్. జాకీ చాన్‌కి ఎదురుగా బెనీ ఉర్కిడెజ్, బయట నిజంగానే కిక్‌బాక్సింగ్ ఛాంపియన్. బెనీ గిర్రున తిరిగి కాలు విసురుతాడు, జాకీ తప్పుకుంటాడు, ఆ కాలి గాలికి పక్కన వరసగా వెలుగుతున్న కొవ్వొత్తులు ఆరిపోతాయి. ఒకే షాట్. అది చూశాక వెదురు తోపు ఎవడికి కావాలి?

రెండోది 'ది రెయిడ్' (2011)లో మ్యాడ్ డాగ్ అనే విలన్ ఫైట్. మూడోది 'పోలీస్ స్టోరీ' (1985) షాపింగ్ మాల్. ఆ సినిమాలో పగిలిన అద్దాలు చూసి యూనిట్ వాళ్ళే దానికి 'గ్లాస్ స్టోరీ' అని పేరు పెట్టుకున్నారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు రండి.

పాతటాకీస్:
ఉంది. తాడు మోసం అంటున్నారు, మరి స్పీడు సంగతేంటి? హాంకాంగ్‌లో 80ల్లో, 90ల్లో చాలా ఫైట్లు సెకనుకి 24 ఫ్రేములు కాకుండా 22కో 21కో తగ్గించి తీసేవారు. దాన్ని మామూలుగా 24లో ఆడిస్తే చేతులూ కాళ్ళూ ఉన్న వేగం కన్నా ఎక్కువగా కదులుతాయి. జెట్ లీ 'ఫిస్ట్ ఆఫ్ లెజెండ్' (1994)లో ఇది కాస్త గమనిస్తే కంటికే తెలిసిపోతుంది. దెబ్బ చప్పుడు స్టూడియోలో తర్వాత కలిపిందే. జాకీకి డూప్‌లు లేరా? మార్స్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఆ పని చేశాడు. ఇవన్నీ చెల్లుతాయి గానీ తాడు ఒక్కటే పాపం చేసిందా?

రింగురోడ్ రాజు:
స్పీడు పెంచినా కాలు విసిరింది మనిషే కదా మాస్టారూ.

పాతటాకీస్:
తాడుకి వేలాడిందీ మనిషే.

విజీనారం అమ్మాయి:
రాజు గారూ, మీరు 'క్రౌచింగ్ టైగర్' మొత్తం చూశారా, లేక వెదురు తోపు క్లిప్ ఒక్కటే చూశారా? అందులో అసలు ఫైట్ అది కాదు. షు లియెన్ (మిషెల్ యో), జెన్ (జాంగ్ జియీ) ఇద్దరూ ఆయుధశాలలో కొట్టుకునేది.

ఒకసారి మళ్ళీ చూడండి. జెన్ చేతిలో ఉన్నది ఒక్కటే కత్తి, గ్రీన్ డెస్టినీ. ఏ లోహాన్నైనా కోసేస్తుంది. షు లియెన్‌కి గోడ నిండా ఆయుధాలున్నాయి గానీ ఒక్కటీ దాని ముందు నిలబడదు. జంట కత్తులు తీస్తుంది, ఈటె తీస్తుంది, కొక్కేల కత్తులు తీస్తుంది. ఒకటి పోతే ఇంకొకటి. ఒక బరువైన ఆయుధం ఎత్తబోయి దాని బరువుకే తూలిపోతుంది, అంత సీరియస్ ఫైట్ మధ్యలో నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు వల్లే ఆమె ఎంత ఇరకాటంలో పడిందో తెలుస్తుంది. చివరికి సగానికి తెగిపోయిన పెద్ద కత్తి ఆమె చేతిలో మిగులుతుంది. దాన్నే తీసుకెళ్ళి జెన్ మెడ దగ్గర ఆపుతుంది. నరకదు. కత్తి గొప్పదైతే ఒకటి, చెయ్యి గొప్పదైతే ఇంకొకటి అని ఆ ఫైట్‌తోనే చెప్పేశారు. వదిలేసినందుకు జెన్ ఏం చేస్తుంది? ఆమె చెయ్యి కోస్తుంది. ఆ పిల్ల క్యారెక్టర్ మొత్తం ఆ ఒక్క పోటులో ఉంది.

ఎక్కడో ఒక గెంతుకి తాడు వాడి ఉంటే ఉండొచ్చు. ఫైట్ నడిచింది మాత్రం నేల మీదే. ఇంకో సంగతి, ఈ ఫైట్లు కంపోజ్ చేసిన యుయెన్ వూ-పింగ్ ఎవరనుకుంటున్నారు? జాకీని స్టార్ చేసిన 'డ్రంకెన్ మాస్టర్' (1978) డైరెక్టర్. 'మ్యాట్రిక్స్' (1999) ఫైట్ మాస్టర్ కూడా ఆయనే. మీ హీరోకి గురువులాంటాయన చేతిలోనే తాడూ ఉంది.

రింగురోడ్ రాజు:
ఆయుధశాల ఫైట్ మీద నాకు గొడవ లేదు. నా గొడవ వెదురు తోపుతోనే. పడితే దెబ్బ తగులుతుందన్న భయం లేనప్పుడు టెన్షన్ ఎక్కడిది? ఇంకో మాట. మన ఫ్యాక్షన్ సినిమాల్లో హీరో ఒక్క తన్ను తంతే పదిమంది గాల్లో తేలి, సుమోలు పల్టీలు కొడితే అందరం పడీపడీ నవ్వాం. అదే చైనా వాళ్ళు పట్టుబట్టలు కట్టుకుని తేలితే కళ అంటున్నాం. ఇదెక్కడి న్యాయం?

గల్లీ నంబర్ 2:
థ్రెడ్ చదువుతూ ఊరుకుందామనుకున్నా గానీ 'నేనూ ఎగురుతాను' అన్న మాట దగ్గర ఆగలేకపోయా.

మా మేనమామ కృష్ణానగర్‌లో ఉంటాడు, సినిమాల్లో ఫైటర్. రోప్ షాట్ గురించి ఆయన దగ్గర విన్నది చెప్తా. కాస్ట్యూమ్ కింద నడుముకీ తొడలకీ హార్నెస్ బిగిస్తారు. కాసేపటికే ఒరుసుకుపోయి మండుతుంది. తాడు పైన పుల్లీ మీంచి వెళ్తుంది, అవతలి కొస మనుషుల చేతుల్లో ఉంటుంది. ఎగిరేవాడు నేలని తన్నే క్షణం, వాళ్ళు లాగే క్షణం ఒకటే అవ్వాలి. ముందే లాగితే లారీలోకి బస్తా ఎత్తినట్టు ఉంటుంది, గెంతినట్టు ఉండదు. ఆలస్యమైతే గాల్లో కుదుపు వచ్చి మెడ పట్టేస్తుంది. గాల్లో ఉన్నంతసేపూ పొట్ట బిగపట్టి ఒళ్ళు నిటారుగా ఉంచాలి, లేకపోతే తాడు ఎక్కడ కట్టారో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఇక దిగేటప్పుడు బరువంతా ఒక్క కాలి మీద పడిందంటే అంతే. మిషెల్ యోకి 'క్రౌచింగ్ టైగర్' షూటింగ్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేయించుకుని వచ్చి మిగతా సినిమా పూర్తి చేసింది.

రిస్క్ చూసి మార్కులు వేసేవాళ్ళకి ఇంకో మాట. 'ఆర్మర్ ఆఫ్ గాడ్' (1986) షూటింగ్‌లో జాకీ చెట్టు మీంచి పడి పుర్రె పగిలింది. బతికి బయటపడ్డాడు కాబట్టి దాన్ని కథలు కథలుగా చెప్పుకుంటున్నాం. రోప్ లేకుండా చేస్తేనే మొనగాడు అని మనం అంటూ పోతే, రేపు పేరు కూడా తెలియని ఎవడో ఫైటర్ మేడ మీంచి ఉత్తినే దూకుతాడు. రోప్ వచ్చింది జనాన్ని మోసం చెయ్యడానికి ఒక్కటే కాదు, పని చేసేవాడు సాయంత్రం ఇంటికి వెళ్ళడానికి కూడా.

రింగురోడ్ రాజు:
అన్నా, ఫైటర్ల మీద నాకు గౌరవమే. సేఫ్టీకి తాడు కట్టండి, ఎవరు వద్దన్నారు? పడకుండా ఆపే తాడు వేరు, మనిషి చెయ్యలేనిది చేసినట్టు చూపించే తాడు వేరు.

పాతటాకీస్:
ఆ 'మనిషి చెయ్యలేనిది' దగ్గరే మీరు దారి తప్పుతున్నారు. 'క్రౌచింగ్ టైగర్' కుంగ్‌ఫూ సినిమా కాదు, వూషియా. చైనాలో ఆ కథలు వేరే కోవ. అందులో సాధన చేసినవాళ్ళు కప్పుల మీంచి కప్పుల మీదకి గెంతుతారు, నీళ్ళ మీద నడుస్తారు. సినిమా పుట్టకముందు నుంచీ కథల్లో ఉన్నదే. మన జానపదం లాంటిది. విఠలాచార్య సినిమాలో మాంత్రికుడు మాయమైతే తాడు ఎక్కడుందని వెతికామా? కాంతారావు కత్తి తిప్పుతుంటే కళ్ళప్పగించి చూశాం.

పైగా వెదురు తోపు 'క్రౌచింగ్ టైగర్' డైరెక్టర్ ఆంగ్ లీ సొంత ఊహేం కాదు. తైవాన్‌లో కింగ్ హు తీసిన 'ఎ టచ్ ఆఫ్ జెన్' (1971)లో వెదురు తోపు ఫైట్ ఉంది. 1975లో కాన్ చిత్రోత్సవంలో ఆ సినిమాకి సాంకేతిక విభాగంలో పెద్ద బహుమతి ఇచ్చారు. అందులో గెంతడానికి ట్రాంపొలిన్లు వాడారు, మిగతాదంతా ఎడిటింగ్ మహిమ. మనిషి లేచేది ఒక షాట్, కొమ్మల మధ్య మెరుపులా దూసుకుపోయేది ఇంకోటి, దిగేది మరోటి. కొన్ని షాట్లు కన్ను మూసి తెరిచేలోపే అయిపోతాయి. మధ్యలో ఉన్న ఖాళీని మనమే పూరించుకుంటాం. ఆంగ్ లీ దానికి దణ్ణం పెట్టి, ఆ ఖాళీని తాడుతో నింపి నెమ్మదిగా చూపించాడు. నన్నడిగితే పాతదే బాగుంటుంది. కానీ కారణం తాడు కాదు, నెమ్మది.

ఇంకో విశేషం. 'కమ్ డ్రింక్ విత్ మీ' (1966)లో సత్రంలో గూండాల మధ్య ఒంటరిగా కూర్చుని వాళ్ళని ఆడుకున్న చెంగ్ పే-పే, 'క్రౌచింగ్ టైగర్'లో విలన్ జేడ్ ఫాక్స్. ఆ రెండూ వరసగా చూడండి, మజా వస్తుంది.

డల్లాస్ బాబాయ్:
మీరంతా తాడు దగ్గరే తాళ్ళు పేనుతున్నారు. బ్రూస్ లీ ఎక్కడ?

'వే ఆఫ్ ది డ్రాగన్' (1972), రోమ్ కొలోసియం, ఎదురుగా చక్ నోరిస్. తాడు లేదు సరే. కానీ ఆ ఫైట్ గుర్తుండేది అందుకు కాదు. చెయ్యి కలిపే ముందు ఇద్దరూ తాపీగా వేళ్ళు విరుచుకుంటారు, ఒళ్ళు సాగదీసుకుంటారు. పక్కన ఒక పిల్లికూన చూస్తూ ఉంటుంది. మొదట బ్రూస్ లీ తన్నులు తింటాడు, కింద పడతాడు. లేచాక ఆట మారుస్తాడు. కాళ్ళ మీద తేలికగా గెంతుతూ, దూరం మారుస్తూ, నోరిస్‌కి అంతు చిక్కకుండా తిరుగుతాడు. అక్కడి నుంచి నోరిస్ దెబ్బలు గాల్లో కలుస్తాయి. చేయీ కాలూ విరిగాక ఇక చాలు అన్నట్టు బ్రూస్ తల అడ్డంగా ఊపుతాడు. నోరిస్ వినడు. చంపేశాక అతని కరాటే దుస్తులు తెచ్చి శవం మీద కప్పుతాడు.

గమనించారా, రాజు చెప్పిన కొవ్వొత్తుల ఫైట్‌లో కూడా ఇదే ఉంది. తన్నులు తిన్న జాకీ మధ్యలో ఒళ్ళు వదులు చేసుకుని, ప్రాక్టీస్ అనుకుందాం అన్నట్టు మళ్ళీ మొదలుపెడతాడు. ఆయుధశాలలో షు లియెన్ ఆయుధం మార్చడమూ ఇదే. కొట్టుకుంటూ ఆలోచిస్తారు వీళ్ళు. తాడు ఉందా లేదా అన్నది ఫైట్ మాస్టర్ తలనొప్పి, మనది కాదు.

అన్నట్టు కొలోసియం ఫైట్‌లో చాలా భాగం హాంకాంగ్ స్టూడియోలో సెట్ వేసి తీసిందే. రాజు రూలు ప్రకారం సెట్ చెల్లుతుందా?

రింగురోడ్ రాజు:
సెట్ చెల్లుతుంది బాబాయ్. కానీ మీ థియరీకి మ్యాడ్ డాగ్ లొంగడు. యయాన్ రుహియాన్ చేసిన ఆ పాత్ర చివరిదాకా ఏమీ మార్చుకోడు. గొలుసుకి వేలాడదీసి తను కొడుతున్నవాణ్ణి, కాపాడటానికి వచ్చినవాడు విప్పేదాకా ఆగుతాడు, ఇద్దరు కలిసి రండి అని. వాడి ఎత్తు చూస్తే ఇద్దరి భుజాల దాకా వస్తాడేమో. పగిలిన ట్యూబ్‌లైట్ ముక్క మెడలో దిగాక కూడా కొడుతూనే ఉంటాడు. ఆలోచన లేదు, మార్పు లేదు, అయినా ఆ ఫైట్ మరిచిపోలేం. ఎందుకంటే ఒళ్ళు నొప్పి పుడుతుంది చూస్తుంటే. నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే.

ముయ్ థాయ్ మురళి:
రాజన్నకి నా ఓటు. థాయ్ హీరో టోనీ జా 'టామ్ యమ్ గూంగ్' (2005)లో హోటల్ ఫైట్ ఒక్కటి చాలు. దాదాపు 4 నిమిషాలు ఒకే షాట్, కట్ లేదు. కింద నుంచి మెట్లెక్కుతూ, ఒక్కొక్కణ్ణి విసిరేస్తూ పై అంతస్తు దాకా పోతాడు. కెమెరామన్ కూడా వెనకే ఎక్కాలి. ఒక్కడు తప్పు చేస్తే మళ్ళీ మొదటి మెట్టు నుంచే.

విజీనారం అమ్మాయి:
కష్టం కష్టమే, కాదనను. కానీ మురళి గారూ, ఈసారి టోనీ జాని వదిలేసి రౌడీలని చూడండి. తమ వంతు కోసం తలుపు పక్కన నిలబడి ఉంటారు. ఒకడు పడ్డాక ఇంకొకడు వస్తాడు, పాల బూత్ దగ్గర క్యూలాగా. కట్ చెయ్యకూడదని పంతం పట్టారు కాబట్టి, వెనక ఎవడేం చేస్తున్నాడో దాచే వీలు లేకుండా పోయింది. మొదటి నిమిషం అబ్బా అనిపిస్తుంది, మూడో నిమిషానికి నేను ఫైట్ మానేసి కెమెరామన్ ఆయాసం గురించి ఆలోచిస్తున్నా. అదే టోనీ జా, 'ఓంగ్ బాక్' (2003)లో ఒక్క మోకాలి దెబ్బ వేస్తే దాన్ని రెండు మూడు కోణాల్లో మళ్ళీ మళ్ళీ చూపిస్తారు. నిజంగా తగిలింది చూడండి అని సాక్ష్యం ఇస్తున్నట్టు. నాకైతే అక్కడే కథ ఆగిపోతుంది.

ముయ్ థాయ్ మురళి:
మీకు ఏదీ నచ్చదు మేడమ్.

విజీనారం అమ్మాయి:
నచ్చింది పైన రాశాను, పే...ద్ద పేరా.

గల్లీ నంబర్ 2:
మురళి భయ్యా, ఆ 4 నిమిషాల షాట్‌లో అసలు హీరోలు మెట్ల మీంచి పడేవాళ్ళు. పడ్డవాడు ఫ్రేమ్‌లో ఉన్నంతసేపూ నొప్పి ఉన్నా లేవకూడదు, కదలకూడదు. వాళ్ళ పేర్లు మనలో ఒక్కడికైనా తెలుసా?

కొత్తగా చేరా:
అందరికీ నమస్తే. ఇంత రాశారు, 'ఎస్‌పీఎల్' (2005) గల్లీ ఫైట్ ఒక్కరూ ఎత్తలేదేంటి? డానీ యెన్ చేతిలో పోలీసు లాఠీ, వు జింగ్ చేతిలో పొట్టి కత్తి. ఇరుకు సందు. తాడు లేదు, ఎగరడం లేదు. చాలా దెబ్బలు ముందుగా కంపోజ్ చెయ్యకుండా అప్పటికప్పుడు వేసినవే. అందుకే ఇద్దరి కళ్ళల్లో నిజం జాగ్రత్త కనిపిస్తుంది, ఎటు నుంచి వస్తుందో తెలియనట్టు. రాజు గారి రూలుకీ సరిపోతుంది, బాబాయ్ గారి ఆలోచనకీ సరిపోతుంది.

రింగురోడ్ రాజు:
వచ్చీ రాగానే మంచి మాట చెప్పావ్ తమ్ముడూ. మాల్ ఫైట్‌ని నాలుగుకి దించి మూడులో దీన్ని పెడుతున్నా. వెదురు తోపు మాత్రం ఇప్పటికీ లిస్టు బయటే.

పాతటాకీస్:
బయట ఉంటేనేం, ఎగిరి లోపలికి వస్తుంది.