అమ్మానాన్నలతో మౌంట్ రైనియర్: ఒక్క రోజులో గ్లేసియర్ చూసి రావచ్చా?

మేముండేది అమెరికాలో సియాటెల్ పక్కనున్న బెల్‌వ్యూలో. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు, జూన్ చివరి శనివారం పొద్దున్నే బయల్దేరి మౌంట్ రైనియర్ కొండ మీదున్న పారడైజ్ దాకా వెళ్లి రాత్రికి ఇంటికొచ్చేయాలని ప్లాన్. అగ్నిపర్వతం మీద మంచుగడ్డలేంటిరా అని నాన్న ఒకటే నవ్వు, ఆయనకి అక్కడి నిస్క్వాలీ గ్లేసియర్ (మంచునది) కళ్లారా చూపించాలి. అమ్మకేమో మోకాళ్ల నొప్పి, ఇంట్లో మెట్లే పక్కకి తిరిగి ఒక్కొక్కటిగా దిగుతుంది, కాబట్టి 5.5 మైళ్ల స్కైలైన్ ట్రైల్ మావల్ల కాదు. నిస్క్వాలీ విస్టా అయితే 1.2 మైళ్లే, కానీ 5,400 అడుగుల ఎత్తు కదా, అప్పటికి దారి మీద మంచు కరుగుతుందా? చీరలో, మామూలు స్పోర్ట్స్ షూతో నడవగలదా (ప్యాంటు వేసుకోమంటే వినదు)? పార్కింగ్ దొరకాలంటే ఎన్నింటికల్లా అక్కడుండాలి? పులిహోర కట్టుకెళ్తున్నాం, తిండి టెన్షన్ లేదు. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లెవరైనా కాస్త చెప్పండి ప్లీజ్.