నల్లగొండ, పాలమూరు వైపు కీళ్లవాతం, లూపస్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మాట్లాడుకోవడానికి మనుషులు కావాలి

దేవరకొండ కోడలు:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు ఆర్ఏ (రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్లవాతం) ఉంది, మెథోట్రెక్సేట్, హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్) మాత్రలు నడుస్తున్నాయి. మందుల గురించి అడగడానికి రాలేదు, డాక్టర్ బాగానే చూస్తున్నారు. బాధంతా ఇంట్లోనే. మా వాడలో షుగర్ ఉన్నోళ్లు సాయంత్రం అరుగు మీద కూర్చుని నీకెంత నాకెంత అని చెప్పుకుంటారు, నాకు చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు. పొద్దున వేళ్లు ముడుచుకోవు, గిన్నె పట్టుకుంటే జారిపోతుంది. పదిన్నర పదకొండుకు కాస్త వదులవుతాయి, అప్పుడు మా అత్తమ్మ "ఇప్పుడెట్ల వచ్చింది పాణం" అంటుంది. ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే నెలకోసారి కలుద్దామా? ఇంట్లోవాళ్లకు మీరెలా అర్థమయ్యేలా చెప్పారు? ఆడవాళ్లకు మాత్రమే గ్రూప్ ఏదైనా ఉందా?

పాలమూరు రొట్టె:
చెల్లె, నీ పోస్టు చదివి ఏడుపొచ్చింది. నాది మహబూబ్‌నగర్. నా జొన్నరొట్టె అంటే మా ఆడబిడ్డలు కూడా ఒప్పుకునేవాళ్లు, వేడినీళ్లు పోసి పిండి కలిపి, అరచేయి మడమతో అద్ది అద్ది, పీట మీద తిప్పుతూ కొడితే పళ్లెమంత వచ్చేది, ఒక్క పగులు ఉండేది కాదు. ఇప్పుడు మణికట్టు వంగదు. పిండి అద్దితే బొటనవేలు మొదట్లో కత్తి దిగినట్టు ఉంటుంది. మా ఆయన రొట్టెలు వత్తే మిషన్ కొనుక్కొచ్చాడు, అందులో గోధుమ చపాతీ వస్తుంది కానీ జొన్నపిండి అంచుల్లో విరిగిపోతుంది. చివరికి బస్టాండు వైపు రొట్టెలు అమ్మే ఒకామె దగ్గర కొనడం మొదలుపెట్టాను, సిగ్గుతో ముఖం దించుకుని. ఆమె నా చేతికున్న పట్టీ చూసి మా చెల్లెకు కూడా ఇదే అంది. ఆ చెల్లె ఇప్పుడు నా ఫ్రెండ్. పొద్దున్నే "లేచినవా, వేళ్లు లేచినయా" అని మెసేజ్ పెడుతుంది. నాకు దొరికిన సపోర్ట్ గ్రూప్ ఇదే, ఇద్దరమే.

మర్రిగూడ వాసి:
అమ్మా దేవరకొండ కోడలు, ముందు మీ బోరు నీళ్లు టెస్ట్ చేయించండి. కీళ్ల నొప్పి అనగానే ఆర్ఏ అని రాసి హైదరాబాద్ తిప్పుతారు. మా మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు వచ్చి చూడండి, నడుములు వంగిపోయిన మనుషులు కనిపిస్తారు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే తాగొద్దంటారు, మా దగ్గర అంతకు ఎన్నో రెట్లు తాగి బతికాం. ఈ జిల్లాలో కీళ్ల జబ్బుకు మొదటి అనుమానం ఫ్లోరైడే ఉండాలి.

ల్యాబ్ అన్న:
నేను ల్యాబ్ లైన్‌లో చాలా ఏళ్ల నుంచి ఉన్నాను, ఎన్ని వేల శాంపిల్స్ చూశానో లెక్కలేదు. సింపుల్‌గా చెప్తా. ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చిందంటే ఆర్ఏ, నెగెటివ్ వచ్చిందంటే కాదు. రిపోర్ట్ ఫోటో పెట్టండి, ఒక్క చూపుతో చెప్పేస్తా. డాక్టర్లు కూడా నన్నే అడుగుతారు.

మిర్యాలగూడ టీచర్:
ల్యాబ్ అన్నా, దయచేసి అలా రాయకండి. ఏ రోగం లేనివాళ్లలో కూడా కొందరికి ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వస్తుంది, ఆర్ఏ ఉన్నవాళ్లలో కొందరికి నెగెటివ్ వస్తుంది. అందుకే యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష కూడా రాస్తారు, అయినా చివరికి కీళ్లు చూసి చెప్పాల్సింది డాక్టరే. మా చెల్లికి నెగెటివ్ అని ఎవరో చెప్పిన మాట నమ్మి ఆలస్యం చేశాం, వేలు వంకర పోయింది.
నాకు లూపస్, ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే రోగం. ఎండ పడదు. మన జిల్లాలో ఎండ పడకపోతే ఉద్యోగం ఎలా చేయాలో మీరే చెప్పండి. స్కూల్లో ప్రేయర్ దగ్గర గొడుగు వేసుకుని నిలబడితే స్టాఫ్ రూమ్‌లో "మేడం రంగు తగ్గుతదని భయం" అని నవ్వుకుంటారు. సన్‌స్క్రీన్ రాసుకుంటే సోకు అంటారు. ముక్కు మీద, బుగ్గల మీద ఎర్రగా వస్తే ఏం క్రీము వాడి చెడగొట్టుకున్నావ్ అని అడుగుతారు. రోగం అని చెప్తే మాత్రం "చూడ్డానికి మంచిగనే ఉన్నవ్ కదా". ఈ ఒక్క మాట ఎంతమందితో పడ్డానో!

మర్రిగూడ వాసి:
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. నీళ్లు టెస్ట్ చేయించారా లేదా?

నర్సింగ్ చెల్లె:
సార్, మీ బాధ నాకు అర్థమవుతుంది, మా అమ్మమ్మది కూడా మునుగోడు వైపే. కానీ ఈ రెండూ ఒకటి కాదు. ఫ్లోరైడ్‌తో ఎముక చిక్కబడుతుంది, వెన్ను, మెడ బిగుసుకుపోతాయి, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఎక్స్‌రేలో కనబడుతుంది. ఆర్ఏలో వేళ్ల మొదట్లో, మణికట్టులో వాపు వస్తుంది, పొద్దున గంటకు పైగా బిగుసుకుపోయి ఉంటాయి, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ చాలామందిలో పెరుగుతాయి. అక్కకు ఉన్నది అదే. ఆ మందులు డాక్టర్ ఊరికే రాయరు.

మర్రిగూడ వాసి:
మీరు పుస్తకం చదివి చెప్తున్నారు, నేను ఒళ్లు చూసి చెప్తున్నా. 1996లో నల్లగొండ ఎంపీ ఎలక్షన్‌కు 480 మంది నామినేషన్ వేసి నిలబడ్డారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, ఎందుకేశారో తెలుసా? నీళ్ల కోసం. అప్పుడు కూడా మాకు ఇట్లనే చెప్పేటోళ్లు, ఇది వేరే జబ్బు అని.

పాలమూరు రొట్టె:
అన్నా, ఆమె మనుషులు కావాలని అడిగింది, బ్యాలెట్ పేపర్ అడగలేదు.

మర్రిగూడ వాసి:
పాలమూరోళ్లకు మా బాధ ఏం తెలుసమ్మా.

పాలమూరు రొట్టె:
మా బాధ మీకు తెలుసా మరి? ఊర్లకు ఊర్లు పుణె, ముంబై పోయి మట్టి మోసినయ్. మాట జాగ్రత్త.

నడుము పట్టినోడు:
ఆడవాళ్లకు మాత్రమే గ్రూప్ అంటే మేమెక్కడికి పోవాలి? నాకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే నడుము, వెన్ను బిగుసుకుపోయే వాతం, మాది నాగర్‌కర్నూల్. ఈ రోగం మగపిల్లల్లో కూడా వస్తుంది, ఇరవైల్లోనే మొదలవుతుంది. రాత్రి మూడింటికి నొప్పితో లేచి వాకిట్లో తిరిగేవాణ్ని, తిరిగితే తగ్గేది, పడుకుంటే ఎక్కువయ్యేది. బరువులెత్తినవ్ అన్నారు, బైక్ ఎక్కువ నడిపినవ్ అన్నారు, పెళ్లి చేస్తే సర్దుకుంటది అన్నాడు మా మామ, ఎట్లనో నాకిప్పటికీ అర్థం కాలే. హెచ్ఎల్ఏ బీ27 టెస్ట్ పాజిటివ్ వచ్చాక, ఎమ్మారై తీశాక గానీ తేలలేదు. మాకు ఉచిత బస్సు కూడా లేదు, అది వేరే సంగతి.
వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు పోతే మధ్యాహ్నం పిలిచారు, అప్పటికి నేను సాఫీగా నడుస్తా. "మంచిగనే నడుస్తున్నవ్" అని 40 శాతం లోపే రాశారు. 40 లేకపోతే 4,016 పెన్షన్ రాదు. తెల్లారుజామున పిలవమని చెప్పండి వాళ్లకు, నేను పక్క మీదినుంచి లేవడం చూసి రాయమనండి.

ఆకు వైద్యం:
ఇంగ్లీషు మందులు లివర్‌ను తింటాయి. మా దగ్గర వంశపారంపర్యంగా వస్తున్న పొడి ఉంది, వారంలో నొప్పి మాయం. వందల మందికి నయం చేశాం. ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు పర్సనల్ మెసేజ్ పెట్టండి.

సూర్యాపేట అమ్మ:
వచ్చాడండీ. ఇలాంటి పొడి మా వారి అక్కకు వాడాం. వారంలోనే నొప్పి పోయింది, నిజమే, లేచి పొలం పోయింది. తర్వాత ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది. డాక్టర్ చూసి ఇది స్టెరాయిడ్ కలిపిన పొడి అమ్మా అన్నారు. సరే మానేద్దామని ఆమె ఒక్కసారిగా ఆపేస్తే కళ్లు తిరిగి పడిపోయింది, అలా ఆపకూడదట, మెల్లగా తగ్గించుకుంటూ రావాలట. ఏం కలుపుతున్నారో రాసి పెట్టండి ఇక్కడ, ధైర్యం ఉంటే.

ఆకు వైద్యం:
మీకు నమ్మకం లేకపోతే వాడకండి, మా పరువు తీయొద్దు.

సూర్యాపేట అమ్మ:
పరువు సంగతి తర్వాత. ఏం కలుపుతున్నారు?

నడుము పట్టినోడు:
ఏం కలుపుతున్నారు?

గ్రూప్ చూసేవాడు:
ఆకు వైద్యం గారి తర్వాతి పోస్టులు తీసేశాను. ఇక్కడ అమ్మకాలు వద్దు. మర్రిగూడ అన్న, పాలమూరు అక్క, మీ పంచాయితీ కూడా చాలు.

మిర్యాలగూడ టీచర్:
2020లో కరోనాకు పనిచేస్తుందని హెచ్‌సీక్యూ కోసం అందరూ ఎగబడ్డారు గుర్తుందా, మా మిర్యాలగూడలో ఏ మెడికల్ షాపులో అడిగినా లేదన్నారు. మాకు అది పప్పుబెల్లం కాదు, ఆపితే రోగం తిరగబెడుతుంది. లాక్‌డౌన్, బస్సుల్లేవు. అప్పుడు ఎవరో తెలిసినవాళ్ల ద్వారా సూర్యాపేటలో ఒకామె తన దగ్గరున్న వాటిలో సగం స్ట్రిప్పులు కూరగాయల బండిలో పంపింది. ఆమె ముఖం నేను అప్పటికి చూడలేదు. ఇంట్లో మూడు నెలలు చెప్పినా అర్థం కానిది ఆమెకు ఒక్క ఫోన్‌తో అర్థమైంది.

ల్యాబ్ అన్న:
ఒకరి మందులు ఒకరు వాడడం తప్పు. చదువుకున్న టీచర్ అయ్యుండి ఇలా రాస్తే ఎలా?

మిర్యాలగూడ టీచర్:
ఇద్దరికీ అదే మందు, అదే డోసు, డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగాకే వేసుకున్నాను. ఏటా కంటి పరీక్ష కూడా చేయించుకుంటున్నాను, రెటీనా చూస్తారు. మీరు ఒక్క చూపుతో రోగం చెప్పేవాళ్లు, మీకెందుకులెండి ఇవన్నీ.

నర్సింగ్ చెల్లె:
ఒక ముఖ్యమైన మాట, ఈ గొడవలో పోతుందేమో. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ కాదు. చీటీ మీద సరిగా అర్థంకాక రోజూ వేసుకున్న పెద్దావిడను మా వార్డులో చూశాను, నోరంతా పుండ్లు, తెల్లకణాలు పడిపోయి ప్రాణం మీదికొచ్చింది. చదువురాని వాళ్లు ఇంట్లో ఉంటే క్యాలెండర్ మీద మాత్ర వేసుకునే ఆ ఒక్క రోజు గుర్తు పెట్టి గోడకు తగిలించండి. ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వేసుకోవాలో కూడా అడిగి రాసుకోండి. పిల్లలు కావాలనుకునే వాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి, మెథోట్రెక్సేట్ మీద ఉండగా గర్భం వద్దు.

పెళ్లి కావాల్సిన పిల్ల:
నేను ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నా, ఈ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. సంబంధాలు చూస్తున్నారు. అమ్మ చెప్పొద్దంటోంది. లూపస్ ఉంటే పిల్లలు పుట్టరా?

సూర్యాపేట అమ్మ:
పుడతారు తల్లీ. నాకు ఇద్దరు. రోగం అదుపులో ఉన్నప్పుడు, డాక్టర్ సరే అన్నప్పుడు ప్లాన్ చేసుకోవాలి, హెచ్‌సీక్యూ కడుపుతో ఉన్నప్పుడు కూడా ఆపలేదు నాకు. దాచి పెళ్లి చేసుకుంటే మందుల డబ్బా దాచడమే పనైపోతుంది, మా బంధువుల్లో ఒక పిల్ల బియ్యం డబ్బాలో మాత్రలు పెట్టుకుని పెట్టుకుని చివరికి మానేసింది. మీ అమ్మ నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతా.

నడుము పట్టినోడు:
నేను ముందే చెప్పి మూడు సంబంధాలు పోగొట్టుకున్నా, నాలుగోది నిలిచింది. ఆమెకు థైరాయిడ్, హాషిమోటోస్ అట, ఒంటి రక్షణే ఒంటిని దెబ్బతీసే రోగం, అది కూడా మన ఖాతాలోదే. ఇద్దరం పొద్దున లేవం.

పాలమూరు రొట్టె:
దేవరకొండ చెల్లె, నువ్వు హైదరాబాద్ ఎప్పుడు పోతవ్? పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీకి (కీళ్లవాతం డాక్టర్ల దగ్గరికి) వచ్చేవాళ్లం ఒకే రోజు పెట్టుకుంటే ఓపీలోనే కలవొచ్చు, వేరే మీటింగ్ ఎందుకు. అక్కడ లైన్లో కూర్చుంటే చుట్టూ అందరివీ మన చేతులే ఉంటాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఎక్స్‌ప్రెస్ బస్సులో మనకు టికెట్ లేదు కదా. నువ్వు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కు, మారకుండా పంజాగుట్టలో దిగొచ్చు. నేను రైలుకు కాచిగూడ వస్తా, రైల్లోనైతే కాళ్లు చాపుకోవచ్చు. మీ అత్తమ్మను కూడా తీసుకురా ఒకసారి. మా అత్తను అట్లనే తీసుకుపోయిన, ఆ లైన్లో ఇరవై ఏళ్ల పిల్ల చేతులు చూసినాక ఇంటికొచ్చి ఏమనలే, బియ్యం తనే కడిగింది.

మర్రిగూడ వాసి:
మా ఆవిడకు కూడా పొద్దున వేళ్ల దగ్గర వాపు వస్తుంది. ఫ్లోరైడే అనుకుంటున్నాం. యాంటీ సీసీపీ టెస్ట్‌కు ఎంత అవుతుంది?

ల్యాబ్ అన్న:
మెసేజ్ పెట్టండి అన్నా, డిస్కౌంట్ ఇప్పిస్తా.

నర్సింగ్ చెల్లె:
సార్, ముందు డాక్టర్‌కు చూపించండి, ఆయన ఏవి రాస్తే అవి చేయించండి. ల్యాబ్ అన్నా, అమ్మకాలు వద్దని పైన రాశారు.

దేవరకొండ కోడలు:
అందరికీ థాంక్స్. నాకు వచ్చే నెల మొదటి మంగళవారం రమ్మన్నారు. వాట్సాప్ గ్రూప్ పెట్టాను, మగవాళ్లు కూడా రావొచ్చు, నాగర్‌కర్నూల్ అన్న అలిగాడు కదా. పేరు "నల్లగొండ కీళ్లు" అని పెట్టాను.

సూర్యాపేట అమ్మ:
సూర్యాపేట 2016లోనే వేరే జిల్లా అయింది అమ్మా.

నడుము పట్టినోడు:
నాగర్‌కర్నూల్ ఎప్పుడు నల్లగొండలో ఉంది?

పాలమూరు రొట్టె:
పాలమూరు పేరు ముందు రావాలి, రైలు మాకే ఉంది.

మర్రిగూడ వాసి:
నల్లగొండకు రైలు లేదని ఎవరన్నారు?