కార్బన్ పెంచితే మైక్రోవేవ్ శోషణ తగ్గింది, ఎందుకు?

పెదవాల్తేరు అమ్మాయి:
నమస్కారం అండీ. ఇక్కడే వైజాగ్‌లో ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నాను. ఎపాక్సీలో కార్బన్ బ్లాక్ కలిపి మైక్రోవేవ్‌ని పీల్చుకునే పలకలు పోస్తున్నాను. ఎక్స్ బ్యాండ్ (8–12 గిగాహెర్ట్జ్) వేవ్‌గైడ్, అంటే అల నడిచే లోహపు గొట్టం, లోపలి కొలత 22.86 × 10.16 మి.మీ. కదా, ఒక్కో పలకని ఎమరీ పేపర్‌తో అరగదీసి అందులో బిగువుగా కూర్చోబెట్టేసరికి ఒక పూట గడిచిపోతోంది. గోళ్లలో మసి నాలుగు రోజులైనా వదలడం లేదు.

3 శాతం కార్బన్, 6 మి.మీ. మందం పలకకి 10.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఎస్11 (వెనక్కి తిరిగొచ్చే అల కొలత) మైనస్ 18 డీబీ వచ్చింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో! కార్బన్ పెంచితే ఇంకా పీల్చుకుంటుందని 12 శాతం వేశాను. మైనస్ 3 దగ్గరే ఆగిపోయింది. రెండుసార్లు మళ్లీ పోసినా అంతే. వచ్చే వారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

మర్రిపాలెం:
పలక వెనక షార్టింగ్ ప్లేట్ (అలని పూర్తిగా తిప్పి పంపే లోహపు రేకు) పెట్టే కొలిచావా అమ్మా? ఎస్21, అంటే పలక దాటి అటువైపు వెళ్లేది, ఎంత?

పెదవాల్తేరు అమ్మాయి:
ప్లేట్ పెట్టలేదండీ, రెండు పోర్టులతో కొలిచాను. మొదటి పలక ఎస్21 మైనస్ 2. దాని గురించి ఆలోచించలేదు.

మర్రిపాలెం:
అక్కడే ఉంది సంగతి. మైనస్ 18 అంటే 1.6 శాతమే వెనక్కి వచ్చింది, నిజమే. కానీ మైనస్ 2 అంటే 63 శాతం అటువైపు దాటిపోయింది. పలక మింగింది 35 శాతమే. మందం సగం తరంగదైర్ఘ్యానికి దగ్గరపడి అల తన దారిన దాటిపోయింది, అంతే.

ఇక 12 శాతం సంగతి. రేణువులు ఒకదానికొకటి తగిలి గొలుసులా కలిస్తే పలక లోహంలా ప్రవర్తిస్తుంది. గాలికీ దానికీ ఇంపీడెన్స్ (అలకి ఎదురయ్యే అడ్డు) కుదరదు. లోపల ఎంత మింగే శక్తి ఉంటే ఏం, సగం అలని గుమ్మంలోనే తిప్పి పంపేస్తోంది. నీ మైనస్ 3కి అర్థం అదే.

వెనక లోహం పెట్టి, పావు తరంగదైర్ఘ్యం మందంతో మొదలుపెట్టు. పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరుకి కొలత) 9 అనుకుంటే 10 గిగాహెర్ట్జ్‌కి 2.5 మి.మీ. చాలు. పలక మందం ఇంకా తగ్గాలంటే కార్బొనిల్ ఐరన్ (సన్నటి ఇనుప పొడి) చూడు. లోహాన్ని ఆనుకున్న చోట విద్యుత్ క్షేత్రం దాదాపు సున్నా, అయస్కాంత క్షేత్రం గరిష్ఠం. అక్కడ పని చేసేది అయస్కాంత పొడే.

భీమిలి రోడ్:
కార్బొనిల్ ఐరన్ బరువెక్కువ అక్కా, ఎపాక్సీ గట్టిపడేలోపు అడుక్కి దిగిపోతుంది. మన సముద్రపు గాలికి పొడి తుప్పు పడుతుంది కూడా, డబ్బా తెరిచి వదలకు. కార్బన్‌ని కూడా కలిపే ముందు ఓవెన్‌లో ఆరబెట్టు. తేమ ఉంటే రీడింగులు రోజుకో రకంగా వస్తాయి.

పెదవాల్తేరు అమ్మాయి:
ఇప్పుడే పాత 3 శాతం పలకని లైటుకి అడ్డంగా పెట్టి చూశాను. గైడ్‌లో ఒక మూల వెంట్రుకంత వెలుతురు కనబడుతోంది. అదీ సరిచేయాలి. రేపు పొద్దున్నే 5, 7 శాతాలతో 2.5 మి.మీ. పోస్తాను, వెనక ప్లేట్ పెట్టి కొలిచి ఇక్కడే రాస్తాను.