అప్‌డేట్: బెంగళూరులో ఇల్లు దొరికింది (ఆఫీసు ఐటీపీఎల్ దగ్గర)

ఐటీపీఎల్ (వైట్‌ఫీల్డ్ వైపున్న ఐటీ పార్కు) దగ్గర ఉద్యోగం, మారతహళ్ళిలో ఉండాలా వైట్‌ఫీల్డ్‌లోనా అని ఇక్కడ అడిగాను. చివరికి ఆ రెండూ కాకుండా కస్తూరినగర్‌లో దిగాం. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది "ముందు పీజీలో ఉండి, ఆఫీసు టైములోనే తిరిగి చూడండి" అన్న సలహా. మారతహళ్ళి నుంచి మధ్యాహ్నం హాయిగా ఉన్న దారి పొద్దున తొమ్మిదింటికి కదలనే కదలదు, మేం చూసినప్పుడు అటువైపు మెట్రో ఇంకా కడుతున్నారు. కస్తూరినగర్ దూరం ఎక్కువే. కానీ బెన్నిగానహళ్ళిలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే నేరుగా ఆఫీసు దగ్గర పట్టందూరు అగ్రహారలో దిగొచ్చు, ట్రాఫిక్ టెన్షన్ లేదు. ఊరెళ్ళడానికి కేఆర్ పురం రైల్వే స్టేషనూ దగ్గరే.

నీళ్ళ సంగతి మాత్రం ఓనర్‌ని కాదు, అదే బిల్డింగ్‌లో అద్దెకుంటున్నవాళ్ళను అడగండి. వైట్‌ఫీల్డ్‌లో మాకు నచ్చిన ఫ్లాటు పూర్తిగా ట్యాంకర్ల మీదే నడుస్తోందని అలాగే తెలిసింది. 2024 ఎండాకాలం నీళ్ళ కష్టాలు విన్నాక వదిలేశాం. ఇక్కడ కావేరి నీళ్ళు వస్తున్నాయి.

తెలుగువాళ్ళు ఎక్కువుండే ఏరియానే చూడాలన్న లెక్క మాకు అవసరం పడలేదు. కూరగాయల బండి దగ్గర్నుంచి ఓనర్ దాకా అందరికీ తెలుగు అర్థమవుతోంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో అగ్రిమెంట్‌లోనే రాయించుకున్నాం, మీరూ రాయించుకోండి.