డీజిల్ ట్యాంకులో నల్లటి జిగురు: ట్యాంకు దించాల్సిందేనా?

అన్నలూ, నాది కామన్ రైల్ డీజిల్ పికప్ బండి. కూరగాయలు మార్కెట్‌కి తోలతాను. ఆరు వారాల్లో డీజిల్ ఫిల్టర్ మూడుసార్లు మూసుకుపోయింది. లోడుతో ఎత్తు ఎక్కితే బండి లాగడం లేదు.

నిన్న ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలో పట్టాను. అరగంటకి అడుగున నీళ్లు తేరుకున్నాయి, వాటికీ డీజిల్‌కీ మధ్య నల్లటి పొర. వేళ్ల మధ్య రుద్దితే జిగటగా సాగింది. తుప్పయితే గరుకుగా తగలాలి కదా! ఇది నీళ్లున్నచోట పెరిగే సూక్ష్మజీవుల పాచేనా?

వానాకాలమంతా సగం ట్యాంకుతో ఆరుబయటే పెట్టాను, పొలంలో పాత డ్రమ్ములోంచి కూడా డీజిల్ పోశాను. నీళ్లు అలాగే చేరాయేమో.

ట్యాంకు దించి కడిగించాలా, పాచిని చంపే మందు (బయోసైడ్) పోస్తే చాలా? చచ్చిన పాచి ఊడివచ్చి మళ్లీ ఫిల్టర్‌కే అడ్డం పడుతుందేమో. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా వెళ్తుందేమోనని అసలు టెన్షన్. ఇలా బాగు చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.