లైవ్ షోలో ట్రాక్ వేస్తే అది లైవేనా?

మాదాపూర్ శ్రోత:
శనివారం రాత్రి నలుగురు స్నేహితులం ఒక కీబోర్డు కళాకారుడి బ్యాండు కచేరీకి వెళ్లాం. ఇది ఆయనొక్కడి సంగతి కాదు కాబట్టి పేరు చెప్పను. స్టేజీ మీద కీబోర్డు, డ్రమ్స్, బేస్, గిటార్, ఇద్దరు సింగర్లు. మొదటి గంట ఒళ్లు మరిచిపోయాం. ఆయన కుడిచేత్తో కల్యాణి వాయిస్తూ, ఎడమచేత్తో పిచ్ వీల్ కదిపి స్వరాన్ని వంచుతుంటే, మెట్టు మెట్టుగా పలికే వాద్యంలోంచి గమకం వచ్చింది.

తర్వాత ఓ సినిమా పాట అందుకున్నారు. ఒకటే వయొలిన్ల హోరు, వెనక కోరస్. ఆయన రెండు చేతులూ పైకెత్తి జనంతో చప్పట్లు కొట్టిస్తున్నాడు, వయొలిన్లు మాత్రం ఆగలేదు! అవి ముందే రికార్డు చేసిపెట్టుకున్న ట్రాక్‌గా ల్యాప్‌టాప్‌లోంచి వస్తున్నాయని అప్పుడు అర్థమైంది. మాలో ఒకడికి ఆ తర్వాత పాటలేవీ ఎక్కలేదు. బయటికొచ్చి ఇరానీ చాయ్ దగ్గర అర్ధరాత్రి దాటేదాకా అదే వాదన. ట్రాక్ వేస్తున్నామని ముందే చెప్పాలని నేనంటాను. చెప్పకపోతే తప్పే. మీరేమంటారు?

ప్యాడ్స్ ప్లేయర్:
అన్నా, పదేళ్లుగా ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాయిస్తున్నా. ట్రాక్ వేస్తే మా పని తేలికవుతుందనుకుంటారు. కాదు. ట్రాక్‌తో కలిసి నడవడానికి చెవిలో తాళం లెక్క చెప్పే క్లిక్ టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది, దాన్ని వదిలితే పాట మొత్తం చెదిరిపోతుంది. సింగర్ ఉత్సాహంలో పల్లవి ఇంకోసారి ఎత్తుకుంటే ట్రాక్ ఆగదు కదా. అప్పుడు మాకుండే టెన్షన్ కింద కూర్చున్నవాళ్లకు తెలియదు. సినిమాలో ఉన్నట్టే వినిపించాలని అడిగేది జనమే. అంతమంది వయొలిన్ల వాళ్లను తీసుకొస్తే ఆ టికెట్ మీరు కొనగలరా?

తెనాలి అమ్మాయి:
ఖర్చు మాట నిజమే, కానీ ఆ లెక్క ఎవరి మెడకు చుట్టుకుందో మా ఇంట్లో చూశాను. మా నాన్న తబలా వాయించేవారు. పెళ్లిళ్ల సీజన్లో ఇంటిపట్టున ఉండేవారే కాదు. ముందు ప్యాడ్స్ వచ్చాయి, తర్వాత కీబోర్డులోకే తబలా వచ్చేసింది. యమహా మన దేశం కోసం తెచ్చిన ఐ సిరీస్ కీబోర్డుల్లో తబలా, తంబూరా అన్నీ ఉన్నాయి. నాన్నకు కబురు రావడం మానేసింది. "శ్రుతి చేసి పెట్టుకున్నా, ఎవరైనా పిలుస్తారేమో" అనేవారు. ఈరోజు వయొలిన్లు ల్యాప్‌టాప్‌లోకి వెళ్తే, రేపు ఆ బేస్ అబ్బాయి వెళ్తాడు.

కీబోర్డు విద్యార్థి:
అక్కా, మీ నాన్నగారి బాధకు నా దగ్గర జవాబు లేదు. కానీ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. కీబోర్డులో వయొలిన్ ప్యాచ్, అంటే వయొలిన్ శబ్దం పెట్టి వేళ్లతో వాయించడం లైవే. తప్పు పడితే అక్కడే వినబడుతుంది. బటన్ నొక్కి వదిలేసేది వేరు. రెహ్మాన్ సంగీత దర్శకుడు కాకముందు మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి చేతిపని ఎంత ఉంటుందో అడగండి. 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపే మిడి పద్ధతి వచ్చాక ఒక కీబోర్డుతో నాలుగైదు వాద్యాలను పలికించడం కుదిరింది. అదీ నేర్చుకోవాల్సిన విద్యే.

మాదాపూర్ శ్రోత:
తమ్ముడూ, నువ్వు విడదీసి చెప్పింది నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నా. ప్యాడ్స్ అన్న చెప్పిన క్లిక్ సంగతి నాకు తెలియదు. తెనాలి చెల్లెమ్మ మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఒక్కటి చెప్పడం మరిచాను. చివర్లో ఆయన "మీకేం పాట కావాలి?" అని జనాన్ని అడిగాడు. ఎవరో వెనక నుంచి ఒక పాత పాట పేరు అరిచారు. దానికి ట్రాక్ లేదు. ఆయన డ్రమ్మర్ వైపు చూసి వేళ్లతో కౌంట్ ఇచ్చాడు. వయొలిన్లు ఈసారి ఆయన ఎడమచేతిలోంచే పలచగా వచ్చాయి, చరణంలో ఒకచోట స్వరం తప్పింది, సింగర్ నవ్వేసింది. హాలంతా పాడుతోందని పల్లవి మూడుసార్లు తిప్పారు. ట్రాక్ ఉంటే అలా తిప్పలేరు కదా అన్నా? కారులో ఇంటిదాకా మా నలుగురం పాడుకున్నది ఆ పాటే. అలిగిన మావాడి గొంతే అందరికంటే పెద్దది.